రెండు వరుసల నడుమ సరిహద్దు క్యాన్సర్ రోగి

బెంగుళూరు హొసూరు రోడ్డులోని కిద్వాయి క్యాన్సర్ ఆస్పత్రి ముందు తెల్లవారకముందే ఒక వరుస ఏర్పడుతుంది. కోలారు, ముళబాగిలు, చింతామణి, బాగేపల్లి, పావగడ, బళ్ళారి ప్రాంతాల నుండి రాత్రి బస్సుల్లో దిగినవారు, వారితోపాటు అనంతపురం, చిత్తూరు జిల్లాలవారు చేతిలో ఒక సంచి, అందులో స్కానింగు చిత్రాలు, రక్తపరీక్షల కాగితాలు పట్టుకుని నిలబడి ఉంటారు. ఆ వరుసలో కన్నడంతోపాటు తెలుగూ ధారాళంగా వినబడుతుంది.

మరొక వరుస అక్కడికి ఎంతో దూరాన, మలెనాడులో ఏర్పడుతూ వచ్చింది. శివమొగ్గ జిల్లా సాగర తాలూకా ఆనందపురం సమీపంలోని నరసీపురలో వైద్య నారాయణమూర్తి గురు, ఆదివారాలలో చెట్టు బెరడుతో కూడిన మూలికా ఔషధం ఇచ్చేవారు. ముందునాటి రాత్రి నుండే జనం అక్కడ బారులు తీరేవారు. క్యాన్సర్‌కు మందు దొరుకుతుందన్న నమ్మకంతో దేశం నలుమూలల నుండి వచ్చేవారు. నారాయణమూర్తి 2020 జూన్‌లో కన్నుమూశారు. అయినా సరిహద్దు పల్లెలలో ఎవరింట్లోనైనా ఈ జబ్బు బయటపడితే ఆ ఊరి పేరు నేటికీ వినబడుతూనే ఉంది.

ఈ రెండు వరుసలలో నిలబడేవారు వేర్వేరు మనుషులని, మొదటివారు చదువుకున్నవారని, రెండవవారు మూఢనమ్మకస్తులని పట్టణ విద్యావంతులు సులువుగా తేల్చివేస్తారు. వాస్తవం అది కాదు. చాలా సందర్భాలలో రెండు చోట్లా నిలబడేది ఒకే కుటుంబం. అందుచేత ఆధునిక వైద్యమా, నాటు వైద్యమా అన్న వాదన కన్నా తేల్చుకోవలసిన ప్రశ్న వేరొకటి ఉంది. ఏ వరుస ముందు, ఏ వరుస తరువాత, ఆ రెంటి నడుమ ఎన్ని నెలలు గడిచిపోయాయి అన్నదే ఆ ప్రశ్న.

జబ్బు పేరులోనే ఉన్న భయం

తెలుగులో ఈ వ్యాధికి రాచపుండు, పుట్టకురుపు, పుట్టవ్రణం అన్న పేర్లు పూర్వం నుండి ఉన్నాయి. తమిళులు దీనిని పుట్రునోయ్ అంటారు. అందులోనూ ఉన్నది పుట్టే. చెదలు పెట్టిన పుట్టలా లోలోపల తొలుచుకుంటూ పోయి పైకి గడ్డగా లేచేది అన్న ఊహ రెండు భాషలలోనూ ఒక్కటే కావడం గమనార్హం. మరాఠీవారు కర్కరోగం అన్నారు, కన్నడంలో పుస్తకాల మాట అర్బుద. హొసూరులోనో, బళ్ళారిలోనో, షోలాపూరులోనో పుట్టి పెరిగిన తెలుగువారికి ఈ పేర్లలో రెండు మూడు తెలిసే ఉంటాయి. అయితే ఇంట్లో వాటిలో ఒక్కటీ పలకరు. "గడ్డ" అంటారు, "ఆ జబ్బు" అంటారు.

ఈ మాట దాచడం వల్ల జరిగే అనర్థం చిన్నది కాదు. ముళబాగిలు తాలూకాలోని ఏదో ఒక పల్లెలో 45 ఏళ్ళ గృహిణిని ఊహించుకుందాం. రొమ్ములో చింతగింజంత గట్టిదనం చేతికి తగులుతుంది. నొప్పి లేదు కనుక ఎవరితోనూ చెప్పదు. రెండు మూడు నెలలకు ఆడబిడ్డతో అంటుంది. వేడి చేసిందేమోనని ఆమె ఆముదం రాయమంటుంది. గడ్డ రేగుపండంత అయ్యాక కోలారుకో, బెంగుళూరుకో తీసుకువెళ్తారు. ముక్క తీసి పరీక్షకు పంపాలని వైద్యుడు చెబుతాడు. ఇంటికి రాగానే బంధువుల సభ కూడుతుంది. ముక్క తీస్తే పాకుతుందని, కత్తి తగిలినవాళ్ళెవరూ బతకలేదని పెద్దలంటారు. ఫలానా వారి మామగారు బెరడు కషాయంతో లేచి తిరిగారని మరొకరు చెబుతారు. ఆ సభలో రోగిని ఎవరూ అడగరు. ఆమెకు చెప్పింది గడ్డ అని మాత్రమే.

ఆస్పత్రిలో జరిగే సంభాషణ ఇంతకన్నా విచిత్రంగా ఉంటుంది. నివేదిక ఆంగ్లంలో ఉంటుంది. వైద్యుడు కన్నడంలో చెబుతాడు. ఇంట్లో ఆ రెండు భాషలూ చదవగలిగినది చాలాసార్లు ఎనిమిదో తరగతో, పదో తరగతో చదివే పిల్లవాడు. అమ్మ జబ్బు ఏ దశలో ఉందో అమ్మకన్నా ముందు వాడికి తెలుస్తుంది. తండ్రి కళ్ళతో వారిస్తాడు. వాడు చదివినదానిలో సగం మింగి, మిగిలిన సగం తెలుగులో చెబుతాడు. "అమ్మకు చెప్పొద్దండి సార్" అన్న మాట క్యాన్సర్ వైద్యులు రోజూ వినేదే. అది ప్రేమతో అన్న మాటే. కాని జబ్బు ఏమిటో తెలియని మనిషి, ఈ వైద్యం కావాలి, ఈ వైద్యం వద్దు అని ఎలా నిర్ణయించుకుంటుంది? గడ్డకే అయితే రొమ్ము తీసివేయడం ఎందుకని ఆమె అడిగితే అందులో తప్పేముంది? బెరడు కషాయం ఆమెకు సబబుగా కనిపించడంలో ఆశ్చర్యమేముంది?

నాటు వైద్యుని వద్ద ఏం దొరుకుతుంది?

నాటు వైద్యం వైపు జనం ఎందుకు మొగ్గుతారన్నదానికి అజ్ఞానం అన్న ఒక్క మాటతో సమాధానం చెప్పుకోవడం సోమరితనం. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనా మందు కోసం వేలాది మంది బారులు తీరినప్పుడు ఆ వరుసలో పట్టభద్రులూ ఉన్నారు, కార్లలో వచ్చినవారూ ఉన్నారు. ఆపిల్ సంస్థ స్థాపకుడు స్టీవ్ జాబ్స్‌కు 2003లో క్లోమగ్రంథిలో కణితి బయటపడితే శస్త్రచికిత్సను దాదాపు 9 నెలలు వాయిదా వేసి ఆహార నియమాలనూ ఇతర పద్ధతులనూ ఆశ్రయించారు. 2004లో కత్తికి ఒప్పుకున్నారు, 2011లో మరణించారు. ఆ జాప్యం లేకుంటే బతికేవారని ఎవరూ ప్రమాణం చేయలేరు. కాని అజ్ఞానం, పేదరికం ఆయన దరిదాపులలో లేవన్నది మాత్రం స్పష్టం.

మూలికా వైద్యుని వద్ద రోగికి మొదట దొరికేది మందు కాదు, మాట. ఆయన నాడి పట్టుకుంటాడు, ఏం తిన్నావని అడుగుతాడు, తగ్గుతుందంటాడు. పెద్ద ఆస్పత్రిలో ఒక్కో వైద్యుని ముందు పదులకొద్దీ రోగులు వేచి ఉంటారు. ఒక్కొక్కరికి దక్కేది కొద్ది నిమిషాలు, ఆ నిమిషాలు కూడా పరాయి భాషలో. రెండవది, మూలికా వైద్యంలో రోగి చేయవలసిన పని ఒకటుంటుంది. పథ్యం పాటించాలి, బెరడు కాచుకోవాలి, వేళకు తాగాలి. ఆస్పత్రిలో రోగి మంచం మీద వాలి చెయ్యి చాపడం తప్ప చేసేదేమీ ఉండదు. జబ్బు తన చేతుల్లో నుండి జారిపోలేదన్న భావన మనిషికి ఎంత అవసరమో పథ్యం చెప్పే వైద్యులకు తెలుసు, ఆస్పత్రులకు ఇంకా తెలిసిరాలేదు. మూడవది, ఖర్చు. నాలుగవది, కోత లేకపోవడం, జుట్టు రాలకపోవడం, వాంతులు లేకపోవడం.

ఇవన్నీ నిజమైన అవసరాలే. అయితే వాటిని తీర్చే మందు కణితిని కూడా తీర్చగలదా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు అంకెలతో కూడిన సమాధానం ఉంది.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రొమ్ము, ఊపిరితిత్తి, పెద్దప్రేగు, ప్రోస్టేట్ క్యాన్సర్లు ఇతర అవయవాలకు ఇంకా పాకని దశలో ఉండి, ఆధునిక చికిత్సను పూర్తిగా విడిచి ప్రత్యామ్నాయ వైద్యాన్ని మాత్రమే ఎంచుకున్న 281 మందిని పరిశీలించారు. అదే దశలో చికిత్స తీసుకున్నవారితో పోలిస్తే వీరికి మరణభయం రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్ ఒక్కదానినే తీసుకుంటే అయిదున్నర రెట్లకు పైమాటే. నిదానంగా పెరిగే ప్రోస్టేట్ క్యాన్సర్‌లో మాత్రం ఆ కాలవ్యవధిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కణితి నెమ్మదిగా పెరిగే రకమైతే ఏ మందు తాగినా కొన్నేళ్ళు బాగానే ఉంటారు. కషాయంతో లేచి తిరిగిన మామగారి కథలలో కొన్ని ఇటువంటివే అయి ఉండవచ్చు. మరికొన్నింటిలో అసలు ముక్క పరీక్షే జరిగి ఉండదు. క్యాన్సర్ కాని గడ్డ తగ్గినా పేరు కషాయానికే వస్తుంది.

అదే బృందం అదే ఏడాది ప్రచురించిన రెండవ అధ్యయనం మన ప్రాంతానికి మరింత పనికివచ్చేది. ఇందులో ఉన్నవారు ఆధునిక చికిత్సను కొంత తీసుకుంటూనే పక్కన ఇతర వైద్యాన్నీ జోడించినవారు. వీరిలోనూ మరణభయం రెట్టింపు కనబడింది. కారణం వెతికితే తేలినది ఏమంటే, వీరిలో 34 శాతం మంది కీమోథెరపీని, 53 శాతం మంది రేడియేషన్‌ను నిరాకరించారు. తక్కినవారిలో నిరాకరించినవారు 3 శాతం అటూ ఇటూ మాత్రమే. ఈ నిరాకరణను లెక్కలోకి తీసుకున్నాక రెండు వర్గాల నడుమ తేడా మిగలలేదు. అంటే ప్రాణం తీసినది పక్కన తాగిన కషాయం కాదు, ఆ కషాయం మీది ధీమాతో మానుకున్న చికిత్స. సరిహద్దు జిల్లాలలోని ఏ కుటుంబమైనా గుర్తుపెట్టుకోవలసిన వ్యత్యాసం ఇది. పక్కన పెట్టుకోవడం వేరు, బదులు పెట్టుకోవడం వేరు.

2024 నవంబరులో మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ తన భార్యకు నాలుగవ దశ రొమ్ము క్యాన్సర్ నయమైందని చెబుతూ నిమ్మనీళ్ళు, పచ్చిపసుపు, వేపాకు, తులసి, ఉపవాసాల గురించి ప్రస్తావించడం దేశమంతటా చర్చకు దారితీసింది. ఆమెకు శస్త్రచికిత్స, కీమోథెరపీ కూడా జరిగిన మాట ఆ ప్రచారంలో మరుగునపడింది. ముంబైలోని టాటా స్మారక ఆస్పత్రికి చెందిన 262 మంది ప్రస్తుత, పూర్వ క్యాన్సర్ వైద్యులు సంతకాలు చేసి, ఇటువంటి మాటలు నమ్మి చికిత్సను జాప్యం చేయవద్దని ప్రజలకు విజ్ఞప్తి చేయవలసి వచ్చింది. తరువాత సిద్ధూ వైద్యుల సలహాతోనే ఆ ఆహారం పాటించామని వివరణ ఇచ్చారు. ఆ వివరణ మొదటి మాట వెళ్ళినంత దూరం వెళ్ళలేదు. మొబైల్ ఫోన్లలో నిమ్మకాయ కథ ఒక్కటే తిరిగింది.

బెరడు నుండి మందు వరకు

మూలికలలో ఏమీ లేదనే వాదన కూడా సత్యదూరమే. బిళ్ళగన్నేరు మొక్క కథ తెలిస్తే ఈ సంగతి బోధపడుతుంది. పెరట్లో, గుడి దగ్గర, సమాధుల పక్కన పూసే ఆ మొక్క ఆకును అనేక దేశాలలో మధుమేహానికి వాడేవారు. కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ దానిని పరీక్షించారు. చక్కెర మీద ఆశించిన ఫలితం రాలేదు గాని తెల్ల రక్తకణాలు పడిపోవడం కనబడింది. 1958 నాటికి దాని నుండి విన్‌బ్లాస్టిన్ వెలికివచ్చింది, తరువాత విన్‌క్రిస్టిన్. రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు కిద్వాయిలోనూ, వెల్లూరులోనూ, హైదరాబాదు ఎం.ఎన్.జె.లోనూ నేటికీ ఎక్కించే మందులలో విన్‌క్రిస్టిన్ ఒకటి. కొద్ది గ్రాముల మందుకు టన్నులకొద్దీ ఎండుటాకు కావాలి. మోతాదు మిల్లీగ్రాములలో లెక్కించవలసి ఉంటుంది. కొంచెం ఎక్కువైతే నరాలు దెబ్బతింటాయి, తక్కువైతే కణితి కదలదు. ఇంట్లో గుప్పెడు ఆకు నూరి తాగితే విన్‌క్రిస్టిన్ తాగినట్లు కాదు.

పశ్చిమ కనుమలలో మరాఠీవారు నార్క్యా అని పిలిచే చెట్టు కూడా అటువంటిదే. దానిలో లభించే కాంప్టోథెసిన్ అనే పదార్థం ఆధారంగా తయారైన ఇరినోటెకాన్, టోపోటెకాన్ మందులు క్యాన్సర్ చికిత్సలో వాడుకలో ఉన్నాయి. ఆ కొండల చెట్ల బెరళ్ళలో మందు ఉండవచ్చునన్న మాటలో అబద్ధమేమీ లేదు. ఏ బెరడు, ఏ జబ్బుకు, ఎంత, ఎందరిలో పనిచేసింది, ఎందరిలో పనిచేయలేదు అన్న లెక్క రాసిపెట్టినప్పుడే అది వైద్యం అవుతుంది. నయమైనవారు తిరిగి వచ్చి దండం పెడతారు. నయం కానివారు తిరిగి రారు. కనుక వైద్యుని కంటికి కనబడేది విజయాలు మాత్రమే.

ఈ సందర్భంలో తెలుగువారు సగర్వంగా తలచుకోవలసిన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన మద్రాసులో వైద్యవిద్య ముగించాక ఆయుర్వేద కళాశాలలో బోధకునిగా పనిచేసి, ఆ తరువాతనే అమెరికా వెళ్ళారు. లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ వచ్చిన పసిపిల్లలకు ఇచ్చి, జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గడాన్ని 1948లో ప్రకటించారు. ఆధునిక కీమోథెరపీకి నాంది పలికిన ఘట్టాలలో అది ఒకటి. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. కీమో అంటే పరాయి దేశపు విషమని మాట్లాడేవారు దాని పుట్టుకలో ఒక గోదావరి జిల్లాల బిడ్డ చెయ్యి ఉందని ఎరుగరు.

"కత్తి తగిలితే పాకుతుంది" అనేవారు సాధారణంగా మన ప్రాచీన వైద్యం అలా చెప్పిందని నమ్ముతారు. సుశ్రుత సంహిత చెప్పింది సరిగ్గా దానికి విరుద్ధం. అర్బుదాలను శస్త్రంతో కోసి తీయాలని, క్షారంతో, అగ్నితో కాల్చాలని అందులో ఉంది. ఏమాత్రం శేషం మిగిలినా అది మళ్ళీ త్వరగా పెరుగుతుందనే హెచ్చరిక కూడా ఉంది. కణితిని సమూలంగా తీయాలన్న నేటి శస్త్రవైద్యుని మాట సుశ్రుతుడు ఏనాడో అన్నదే. ఆయుర్వేదం పేరు చెప్పి కత్తిని వద్దనేవారు ముందుగా ఆ గ్రంథం తిరగేయడం మంచిది.

పక్కన పెట్టుకున్నా ప్రమాదం ఉండదని అనుకోవడమూ పొరపాటే. కీమోథెరపీ మందులలో అనేకం కాలేయం ద్వారానే విడిపోతాయి. అదే సమయంలో తెలియని మూలికలు, భస్మాలు కాలేయం మీద పడితే మందు మోతాదు తలకిందులవుతుంది. కరోనా రోజులలో రోగనిరోధక శక్తికని తిప్పతీగ కషాయం తాగినవారిలో కాలేయం దెబ్బతిన్న కొన్ని సంఘటనలను ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ నిర్ధారణను ఆక్షేపించింది. వివాదం ఎటు తేలినా, కీమో నడుస్తున్న రోగి తాను తాగుతున్నది వైద్యునికి చెప్పి తీరవలసిందే. చెప్పరు. ఎందుకంటే చెబితే తిడతారు. "ఆ చెత్త తాగితే మా దగ్గరికి రావద్దు" అని ఒకసారి విన్న మనిషి రెండవసారి కషాయం మానదు, చెప్పడం మానుతుంది. ఈ విషయంలో తప్పు రోగిది కాదు.

అల్లం వికారాన్ని కొంత తగ్గిస్తుంది. యోగాసనాలు, ప్రాణాయామం అలసటను, ఆందోళనను, నిద్రలేమిని తగ్గిస్తాయని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. టాటా ఆస్పత్రివారే రొమ్ము క్యాన్సర్ స్త్రీలకు చికిత్సతోపాటు యోగా నేర్పించి ఫలితాలను పరిశీలించారు. భజన, మొక్కుబడి, ఉపవాసం లేని శనివారం కూడా మందులాంటివే. కీమోతో ఎటూ రాలిపోయే జుట్టును ముందే తిరుమలలో తలనీలాలుగా సమర్పించుకుందామనే స్త్రీని చూసి నవ్వేవారు ఆమె ధైర్యాన్ని గుర్తించలేదన్నమాట. అద్దంలో గుండు కనబడినప్పుడు అది జబ్బు తీసుకుపోయినది కాదు, ఆమె ఇచ్చుకున్నది.

కార్డు ఏ రాష్ట్రానిది?

కుటుంబం ఏ వరుసలో నిలబడాలో నిర్ణయించే అసలు శక్తి డబ్బు. 2007 ఏప్రిల్‌లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీని తొలుత ప్రారంభించినది మూడు జిల్లాలలో. అవి మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. మూడూ సరిహద్దు జిల్లాలే. రాయచూరుకు ఆనుకుని ఒకటి, బళ్ళారి, తుమకూరు, కోలారు వైపు ఒకటి, ఒడిశా అంచున ఒకటి. గీతకు ఇవతల అక్క కూతురికి ఉచితంగా శస్త్రచికిత్స జరిగితే, గీతకు అవతల చెల్లెలి కూతురికి నగలు కుదువపెట్టవలసి వచ్చింది. ఒకే ఇంటిపేరు, ఒకే యాస. రేషన్ కార్డు వేరు.

నేడు పరిస్థితి కొంత మారింది. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రలకు సొంత ఆరోగ్య పథకాలున్నాయి. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ అర్హులైన కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆస్పత్రి ఖర్చు భరిస్తుంది, రాష్ట్రం దాటినా వర్తిస్తుంది. చాలాకాలం బయట ఉండిపోయిన ఒడిశా 2025లో ఇందులో చేరింది. రాయగడ తెలుగువారికి కటకం కన్నా విశాఖ దగ్గర కనుక ఇది చిన్న విషయం కాదు. అగనంపూడిలో టాటా స్మారక కేంద్రం నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి వారికి అందుబాటులోకి వచ్చే దూరంలోనే ఉంది. షోలాపూరు పద్మశాలీలకు, బీడీలు చుట్టే తెలుగు స్త్రీలకు అదే జిల్లా బార్శీలో నర్గిస్ దత్ స్మారక క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. యానాం పరిస్థితి ప్రత్యేకమైనది. పక్కనే కాకినాడ, పరిపాలన మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరి. 2024 ఫిబ్రవరిలో జిప్మెర్ బహుళ వైద్య సలహా కేంద్రం యానాంలోనే ప్రారంభం కావడం ఊరట.

అయితే పథకం కట్టేది ఆస్పత్రి బిల్లు. మూడు వారాలకొకసారి బస్సు చార్జీలు, తోడు వచ్చినవారి పోయిన కూలి, బెంగుళూరులో బస, అయిదారు వారాల పాటు సాగే రేడియేషన్ రోజులలో ఇంట్లో పిల్లల వంట ఏ పథకంలోనూ లేవు. సగంలో చికిత్స మానివేయడానికి మూఢనమ్మకం కన్నా ఈ ఖర్చులే తరచు కారణం. మానివేసినవారు ఊరికే కూర్చోలేరు. ఏదో ఒకటి చేస్తున్నామన్న తృప్తి కావాలి. అప్పుడు మలెనాడు బస్సు ఎక్కుతారు. ముళబాగిలు నుండి నరసీపురకు నాలుగు వందల కిలోమీటర్లకు పైమాటే. బెంగుళూరు వంద కిలోమీటర్ల లోపే. అయినా ఆ దూరం ఒక్కసారి వెళ్తే చాలు, ఈ దగ్గర పదిసార్లు వెళ్ళాలి.

క్యాన్సర్‌ను నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం జాబితాలో క్యాన్సర్ పేరు స్పష్టంగా ఉంది. 2024లో పతంజలి సంస్థ ప్రకటనల వ్యవహారంలో సుప్రీంకోర్టు ఆగ్రహించాక ఆ చట్టం పేరు కొన్నాళ్ళు పత్రికలలో కనబడింది. ఇక్కడ ఒక భేదం పాటించడం న్యాయం. ప్రకటన లేకుండా, ఆస్తులు కూడబెట్టకుండా పరంపరగా మందిచ్చే పల్లె వైద్యుడు వేరు, కార్పొరేట్ హంగులతో నాలుగవ దశ నయమని లక్షలు గుంజే దుకాణం వేరు. రెండవ రకం వారు రోగి కాలాన్నే కాక పొలాన్ని కూడా తీసుకుంటున్నారు.

నయం కాదని తేలినప్పుడు ఆస్పత్రి "ఇక ఇంటికి తీసుకువెళ్ళండి" అంటుంది. నిజానికి రోగికి వైద్యం అత్యవసరమయ్యేది ఆ రోజు నుండే. నొప్పికి మార్ఫిన్ మాత్ర చవకైన మందు. మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించి వైద్యానికి దానిని ఇవ్వడం సులభం చేశారు. బెంగుళూరులోని కరుణాశ్రయ అవసాన దశ రోగులకు ఉచితంగా సేవ చేస్తోంది. హైదరాబాదు ఎం.ఎన్.జె. సంస్థలోనూ నొప్పి నివారణ విభాగం ఉంది. సరిహద్దు తాలూకాలలో మాత్రం ఆ మాత్ర పేరు తెలిసినవారు అరుదు. ఇంటికి పంపివేసిన రోగి మూలుగు వినలేక కుటుంబం ఏ పొడినైనా, ఏ తాయెత్తునైనా ఆశ్రయిస్తుంది. ఆ స్థితిలో వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

ఆలస్యం అంతా నాటు వైద్యుని గుమ్మంలోనే జరగడం లేదు. ప్రపంచ క్యాన్సర్ అంచనాల ప్రకారం 2022లో భారతదేశంలో కొత్తగా వ్యాధి బయటపడినవారు సుమారు 14 లక్షలు, మరణించినవారు 9 లక్షలకు పైగా. ముప్పై ఏళ్ళు దాటినవారందరికీ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల స్థాయిలోనే జరగాలని ప్రభుత్వ కార్యక్రమం చెబుతోంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా జరిగినవారు 1.9 శాతం, రొమ్ము పరీక్ష జరిగినవారు 0.9 శాతం. వందమందిలో ఒక్కరు కూడా కాదు.

ఈ పరీక్షకు ఇంటింటికీ తిరిగి పిలవవలసినది ఆశా కార్యకర్త. ముళబాగిలులోనైనా, బాగేపల్లిలోనైనా, హొసూరు పక్క పల్లెలలోనైనా ఆమె ఆ ఊరి కోడలే. చేతిలోని పత్రం కన్నడంలోనో తమిళంలోనో ఉన్నా అడిగేది తెలుగులోనే. "అక్కా, ఎక్కడైనా గడ్డలాంటిది తగులుతోందా?" అని అడగగలిగిన మనిషి, ఆ జవాబును భర్తకూ అత్తగారికీ వినబడకుండా వినగలిగిన మనిషి ఈ మొత్తం వ్యవస్థలో ఆమె ఒక్కతే. కిద్వాయి వరుసలో రోగితోపాటు ఆమె వెళ్ళడానికి బస్సు చార్జీ గాని, ఆ రోజు కూలి గాని ఇచ్చే పద్దు మాత్రం లేదు.